మధురనాద దేవి

దౌనియాంగ్‌ను పుట్టింటికి తిప్పి పంపింది మొగుడు కాదు, పట్టుపురుగులు.

అత్తవారిది పట్టుపురుగుల పెంపకం. పురుగు మేస్తున్నన్నాళ్లూ ఆ ఇళ్లల్లో మనుషులు గుసగుసగా మాట్లాడుకుంటారు. తలుపు గడియకు కూడా గుడ్డ చుడతారు. పురుగుకు చప్పుడు పడదు. అలాంటి ఇంటివాళ్లు, పెద్ద కాలువ మీద ధాన్యం పడవలో పుట్టి, పడవ లాగే కూలీల కేకల మధ్య పెరిగిన పిల్లను కోడలిగా తెచ్చుకున్నారు. పగలంతా పిల్ల బంగారమే. నవ్వు ముఖం, ఇద్దరి పని ఒక్కతే లాగించే ఒళ్లు. కన్ను మూతపడిందంటే మాత్రం ఆ గొంతులోంచి వచ్చే గురకకు గోడకు వేలాడే జల్లెడలు ఊగేవి. పురుగులు మేత మానేసి తలలు పైకెత్తి వింటూ కూర్చున్నాయట. అత్తగారు కోడలినీ కోడలి మూటనూ రేవులో దింపి, "పిల్లనిమ్మంటే ఎద్దునిచ్చారు. మీ ఎద్దును మీరే మేపుకోండి," అని వియ్యపురాలి ముఖాన అనేసి వెళ్లిపోయింది.

ఈ కథ దౌనియాంగే నాకు చెప్పింది, పడీపడీ నవ్వుతూ. చివరికొచ్చేసరికి మాత్రం నవ్వు ఆపేసింది. మొగుడు మంచివాడేనట. చెవుల్లో పట్టుపీచు కుక్కుకుని సర్దుకుపోయేవాడట.

పుట్టింటివాళ్లు ఆమెను ఎక్కువ రోజులు ఉంచుకోలేదు. రాజభవనంలో బట్టలుతికే మేనత్త ఒకామె ఉంటే, ఆమెను పట్టుకుని దౌనియాంగ్‌ను పనిలో పెట్టించారు. పనికత్తెల పడక గదిలో ఆమె మీద మొదటి రోజే చెప్పులు పడ్డాయి. రెండో రోజు బొగ్గుల కొట్లో పడుకోమన్నారు. కొట్టు పక్కనే కాపలా కాసే భటులు ఫిర్యాదు చేశారు. ఆ మనిషిని ఏం చెయ్యాలో తోచక అంతఃపురం పనులన్నీ చూసే కంచుకి కుయ్, ఎవరికీ అక్కరలేని దాన్ని ఎవరికీ అక్కరలేని చోటికి పంపుదామని, మా రువాన్ దేవి వాకిట్లో తెచ్చి పడేశాడు.

నా పేరు సూ. రువాన్ దేవికి జడలు వేసి కొప్పులు చుట్టడం నా పని. ఆమె కొప్పును చూసేవాడు లేడన్నది వేరే సంగతి. రాణివాసంలో ఆమెది అట్టడుగు వరస. మా ఇల్లు గుర్రపుశాలల పక్కన. గాలి అటునుంచి వీచిన రోజున ఎంత అత్తరు పూసినా లాభం లేదు. చక్రవర్తి ఆమెను ఎంపిక చేసిన రోజున చూశాడు, అంతే. ఆమె మాత్రం రోజూ ముఖానికి బియ్యప్పిండి రాసుకుని, కనుబొమలు దిద్దుకుని, విసనకర్ర పట్టుకుని వాకిలివైపు తిరిగి కూర్చునేది. ఇంట్లో చోటు లేక దౌనియాంగ్‌కు పడక గదిలోనే, చెక్క తెర వెనక, శీతకాలం బట్టలు దాచే పెట్టె మీద పడుకోమని చూపించాం. మధ్యాహ్నం గంజి తాగి ఆమె ఒక కునుకు తీసేది. గుర్రాల సకిలింపులకు అలవాటుపడ్డ చెవులు కనుక మాకది పెద్ద బాధ కాలేదు.

ఆ రోజుల్లో చక్రవర్తికి నిద్ర పట్టడం లేదు. పట్టపురాణి పోయి ఏడాది దాటింది. ఆ పీఠం ఖాళీగా ఉంది. ఖాళీ పీఠం ఉన్న రాణివాసం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా. ఎవరింటికి వెళ్లినా ఆ ఇంటావిడ ఆయన తల దిండు మీద ఆననిచ్చేది కాదు. ఒకామె తన అన్నకు పదవి అడిగేది. ఒకామె పక్కింటామె మీద చాడీలు చెప్పేది. అందరిలోకీ గట్టిది సేనాపతి కూతురు పాంగ్ దేవి. ఆమె ఏమీ అడిగేది కాదు. మంచం పక్కన కూర్చుని ఆయన ముఖంలోకి అలా చూస్తూ ఉండేది. దానికంటే అడిగినా బాగుండేదని ఆయనకు అనిపించి ఉంటుంది. వైద్యులు తామరగింజలు ఉడికించి తినిపించారు, రేగుపళ్ల కషాయం తాగించారు, అరికాళ్లకు కస్తూరి రాశారు. కళ్ల కింద సంచులు పెరిగాయి తప్ప నిద్ర రాలేదు.

ఒక మధ్యాహ్నం గుర్రాలు చూడ్డానికి వచ్చిన చక్రవర్తిని వాన పట్టుకుంది. దగ్గర్లో కనబడ్డ గుమ్మంలోకి దూరాడు. అది మాది. రువాన్ దేవి గబగబా విసనకర్ర అందుకుంది. ఆయన తడిసిన పైబట్ట తీసేసి, మర్యాదకు ఒకసారి తలూపి, మంచం మీద నడుం వాల్చాడు. తెర వెనక దౌనియాంగ్ అప్పటికే మంచి జోరు మీద ఉంది. ఆమెను లేపడానికి వెళ్తే ఆయన మంచం దాటి వెళ్లాలి. దాటేలోపే చక్రవర్తి నోరు తెరుచుకుని నిద్రపోయాడు. దీపాలు పెట్టే వేళకు గానీ లేవలేదు. లేచి గది నాలుగు మూలలూ చూసి, "మీ ఇంట్లో నది ఉన్నట్టుందే," అన్నాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

అదంతా తన విసనకర్ర చలవేననుకుంది రువాన్ దేవి. ఆ నమ్మకంతో మనిషే మారిపోయింది. మెడ నిటారుగా పెట్టి నడిచేది. నన్ను "ఒసేయ్ సూ" అని పిలిచే మనిషి "ఎవరక్కడ" అనడం మొదలెట్టింది.

రాణివాసం అట్టుడికిపోయింది. గుర్రపుశాల పక్కింటిదానిలో ఏముందని అందరి ఏడుపూ అదే. మా ధూపం ఏ రకమో కనుక్కుని అందరూ అదే వెలిగించారు. రువాన్ దేవి గడ్డం మీద ఒక పుట్టుమచ్చ ఉండేది. వారం తిరక్కుండా రాణివాసంలో సగం గడ్డాల మీద మచ్చలు మొలిచాయి. ఒకామెకైతే తొందరలో రెండు మొలిచాయి. మా ఇంట్లో గుర్రపులద్ది వాసనే మందని ఎవరో పుకారు పుట్టిస్తే, చీ అని ముక్కు మూసుకున్న మహారాణులే చాటుమాటుగా తట్టలు తెప్పించుకున్నారు. చక్రవర్తి మర్యాదకు ఒకరిద్దరి ఇళ్లకు వెళ్లాడు. తుమ్ముతూ తిరిగొచ్చాడు.

అసలు సంగతి నాకు తెలిసింది మేనత్త జబ్బుపడ్డ రోజున. ఆమెను చూసి రావడానికి దౌనియాంగ్ ఉతుకుల వాకిలికి వెళ్లింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. చక్రవర్తి అటు దొర్లాడు, ఇటు దొర్లాడు, పైకప్పు దూలాలు లెక్కపెట్టాడు, చివరికి ముఖం ముడుచుకుని వెళ్లిపోయాడు. రువాన్ దేవి తన పట్టుబట్ట రంగు బాలేదని ఏడ్చింది. నేను ఉండబట్టలేక ఉన్నది చెప్పేశాను. చెంప పగిలింది. మర్నాడు ఆమే దౌనియాంగ్‌ను కావాలని నీళ్లకు పంపించి చూసింది. ఆయనకు కన్ను అంటలేదు. సరిగ్గా కావడి దింపి దౌనియాంగ్ పెట్టెక్కి పడుకున్నాక ఆయన రెప్పలు వాలాయి.

ఆయన వెళ్లాక రువాన్ దేవి ముఖం మీద పిండి కడుక్కుంది. అద్దం బోర్లించింది. అన్నం ముట్టలేదు. ఆమె మీద ఎన్నడూ లేని జాలి నాకు ఆ పూట కలిగింది. తెల్లారేసరికి తేరుకుంది. దౌనియాంగ్‌కు మేకమాంసం పులుసు పెట్టించి, పెట్టె మీద మెత్తటి పరుపు వేయించి, ఈ సంగతి బయట పొక్కితే నాలుకలు కోయిస్తానని మాకు చెప్పింది. దౌనియాంగ్ పులుసు జుర్రుకుంటూ నాతో మెల్లగా అంది, "గురకపెడితే తన్నేవాళ్లను చూశాను కానీ అక్కా, మాంసం పెట్టేవాళ్లను ఇక్కడే చూస్తున్నా."

పొక్కకుండా ఎలా ఉంటుంది. పాంగ్ దేవి ఒకరోజు పరామర్శ పేరుతో భోజనాలవేళ దాటాక వచ్చి కూర్చుంది. వెళ్లదు. తెర వెనక దౌనియాంగ్ కాసేపు ఉగ్గబట్టుకుని, ఇక ఆగలేక ఒరిగిపోయింది. గది గుర్రుమంది. పాంగ్ దేవి తేనీటి గిన్నె కింద పెట్టి, చాలాసేపు విని, "మీ ఇంట్లో నది చాలా బాగుంది చెల్లెమ్మా," అని లేచింది.

అప్పటినుంచి మా ఇంటికి పళ్లు రావడం మొదలైంది. గొంతుకు మంచివని, గురక పోగొడతాయని, తేనెలో ఉడికించిన బేరిపళ్లు. మేనత్త చేత దౌనియాంగ్‌కు అందేలా పాంగ్ దేవి ఏర్పాటు చేసింది. దౌనియాంగ్ అన్నీ తింది. ఒళ్లు చేసింది. గొంతు ఇంకా సాఫై, గురక గుర్రపుశాల అవతలికి కూడా వినబడసాగింది. ఇది పనికిరాదని పాంగ్ దేవి తనకూ ఒక గురక మనిషిని సంపాదించాలనుకుంది. తండ్రి దండులో సామాను బళ్లు తోలే ముసలామెను ఒకతెను పట్టుకొచ్చి తన తెర వెనక పడుకోబెట్టి, చక్రవర్తిని విందుకు పిలిచింది. ఆ ముసలామె గురక మధ్యలో బళ్ల ఎద్దులను అదిలించేది, బూతులు తిట్టేది. "లేవరా ముండాకొడకా, బండెక్కు," అన్న కేకకు చక్రవర్తి నిజంగానే లేచాడు. చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు.

అంత జరిగాక పాంగ్ దేవి పరువు కోసం తెగించింది. రువాన్ దేవి ఇంట్లో దయ్యం ఉందనీ, అది చక్రవర్తి ప్రాణం కొద్దికొద్దిగా పీలుస్తోందనీ, తెర వెనక దాని శ్వాస తన చెవులతో విన్నాననీ కంచుకి కుయ్‌తో ప్రమాణం చేసి చెప్పింది. చేతబడి మాట వినబడితే సోదా చెయ్యక తప్పదు. కుయ్ డప్పులవాళ్లనూ, మంత్రాలు చదివేవాణ్నీ, భటులనూ వెంటేసుకుని వచ్చాడు. వెనక రాణివాసమంతా వచ్చింది, మచ్చలతో సహా. లోపల చక్రవర్తి నిద్రపోతున్నాడని చెప్పేందుకు రువాన్ దేవి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమెను పక్కకు నెట్టి డప్పు వాయిస్తూ లోపలికొచ్చి తెర లాగేశారు.

పెట్టె మీద దౌనియాంగ్. ఒక కాలు కిందికి వేలాడుతోంది. నోరు తెరుచుకుని ఉంది. డప్పులకు కూడా లేవలేదు. చక్రవర్తి లేచి కూర్చుని కళ్లు నులుముకుంటున్నాడు. కుయ్ మోకాళ్ల మీద పడ్డాడు. అందరూ పడ్డారు. ఆ నిశ్శబ్దంలో గురక ఒక్కటే సాగింది. ముందు ఎవరు నవ్వారో తెలీదు. ఆ తర్వాత ఆపడం ఎవరివల్లా కాలేదు. నవ్వనిది రువాన్ దేవి ఒక్కతే. మచ్చ ఉన్న గడ్డం వణుకుతోంది.

చక్రవర్తి నవ్వలేదు కానీ కోప్పడలేదు. తెర వెనక మనిషి ఉన్న సంగతి ఆయనకు మొదటి రోజునే తెలుసట. "ఆవిణ్ని లేపకండి," అని మాత్రం అన్నాడు. మర్నాడు ఉత్తర్వు వచ్చింది. పడవవాళ్ల పిల్ల దౌనియాంగ్‌ను రాణివాసంలోకి తీసుకుని, వేరే ఇల్లిచ్చి, 'మధురనాద దేవి' అన్న బిరుదు ప్రసాదించారు. కుయ్ ఆ బిరుదు చదువుతూ రెండుసార్లు దగ్గాడు. దేవిగారికి కొప్పు చుట్టడానికి నన్ను పంపారు.

దౌనియాంగ్‌కు ఇది వరమనుకున్నారు జనం. ఆ కొత్తింట్లో ఆమెకు నరకం చూపించారు. ముందు జరిగిన వింత ఏమిటంటే, రువాన్ దేవీ పాంగ్ దేవీ రాత్రికి రాత్రి అక్కాచెల్లెళ్లయిపోయారు. ఒకే పల్లకీలో వచ్చేవాళ్లు. "ఇదిగో చెల్లెమ్మా, నీకోసం మా ఇంట్లో చేయించాం," అని గిన్నె పెట్టేవాళ్లు. ఆ పులుసు నాలుక మీద వేస్తే తిమ్మిరెక్కేది. మెట్లకు ఎవరో నూనె రాశారు. పట్టు పరుపులో దురదగొండి పొడి కలిపారు. దౌనియాంగ్ పనివాళ్ల గంజి తప్ప ఏమీ తినేది కాదు. చీకటి పడితే గోడకు ఆనుకుని కూర్చుని కళ్లు తెరిచే ఉండేది. పగలూ అంతే. గురక ఆగిపోయింది. ఆమె చెంపలు లోపలికి పోయాయి.

చక్రవర్తి మధ్యాహ్నం వచ్చి పడుకునేవాడు. అలవాటుకొద్దీ మధ్యలో తెర. తెరకు అటు ఆయన మేలుకుని, ఇటు ఈమె మేలుకుని. నేను మూల కూర్చుని దువ్వెన పళ్లు తుడుచుకుంటూ ఉండేదాన్ని. అలా కొన్నాళ్లయ్యాక ఆయనే అడిగాడు.

"నిద్రపోలేదా?"

"లేదు ప్రభూ."

"ఏం?"

"భయం."

"ఎవరంటే?"

"మీ ఆడవాళ్లంటే."

మంచం కిర్రుమంది. "నాకూ అంతే," అన్నాడాయన.

తర్వాత ఆయన ఏదేదో చెప్పాడు. తనను పెంచిన దాది ఉండేదట. రాణివాసంలో తల్లి వరస పెరగగానే పిల్లవాణ్ని వేరే ఇంట్లో ఉంచేశారట. ఆ దాది పక్కన పడుకుని గుర్రుపెడితే, ఎవరో ఒకరు ఉన్నారులే అనిపించేదట. ఆ చప్పుడు ఆగిన ఇంట్లో తనకు ఊపిరాడదన్నాడు. దౌనియాంగ్ విని విని, తన మొగుడు చెవుల్లో పట్టుపీచు పెట్టుకోవడం గురించి చెప్పింది. చక్రవర్తి నవ్వడం నేను మొదటిసారి విన్నాను. చిన్న నవ్వు, వెంటనే దగ్గుగా మార్చుకున్నాడు.

"నీకేం కావాలో అడుగు," అన్నాడు.

"పంపించెయ్యండి ప్రభూ. ఈ గోడల బయట ఎక్కడైనా సరే. గంజి చాలు నాకు."

"మరి నా నిద్రో?"

"రాకూడదని ఎవరన్నారు?"

ఈ మాట అంటూ ఆమె నావైపు చూసి నాలుక కొరుక్కుంది. చక్రవర్తితో అలా మాట్లాడొచ్చో లేదో ఇద్దరికీ తెలీదు. ఆయన మాత్రం మళ్లీ దగ్గాడు.

ఎలా పంపాలన్నదే చిక్కు. దేవి బిరుదు ఇచ్చిన మనిషిని ఇంటికి పంపే ఆచారం లేదు. ఆ చిక్కు పాపం పాంగ్ దేవీ రువాన్ దేవీ కలిసి విప్పారు. ఆస్థాన జ్యోతిష్కుణ్ని మేపి, మధురనాద దేవి నక్షత్రం సింహాసనం మీద నీడ పడేస్తోందనీ, ఆమెకు గుండు చేయించి సన్యాసినుల మఠానికి పంపితే తప్ప అరిష్టం పోదనీ చెప్పించారు. చక్రవర్తి సభలో తల పట్టుకుని, ఎంతో బాధపడుతున్నట్టు కూర్చుని, రాజ్యం కోసం ఒప్పుకున్నాడు. దౌనియాంగ్‌ను పడమటి కొండ మఠానికి పంపారు. నేనూ వెంట వెళ్లాను. ఆమె గుండు నేనే గీశాను. గీస్తుండగానే తల నా ఒళ్లోకి వాల్చి గుర్రుపెట్టింది. గాటు పడకుండా గీసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

గెలుపు తనదంటే తనదని అక్కాచెల్లెళ్లిద్దరూ అదే వారంలో మళ్లీ జుట్లు పట్టుకున్నారు. ఈలోగా చక్రవర్తికి ఉన్నట్టుండి భక్తి ముదిరింది. రోజూ భోజనం కాగానే బండి కట్టించుకుని పడమటి కొండకు వచ్చేవాడు. బుద్ధుడి ముందు ఒక అగరుకడ్డీ వెలిగించి, పక్క గదిలో ధ్యానానికి కూర్చుంటానని చెప్పి తలుపు వేయించేవాడు. గోడకు ఇవతల దౌనియాంగ్ చాప. ఆయన ధ్యానం పొద్దువాలేదాకా సాగేది. ఆ భక్తిని పొగుడుతూ పండితులు వ్యాసాలు రాశారు. మఠానికి కొత్త గంట వచ్చింది, వంటింటికి కొత్త బాన వచ్చింది. పట్టపురాణి పీఠం మాత్రం చివరిదాకా ఖాళీగానే ఉంది. దాన్ని నింపే ఓపిక ఆయనకు లేదు. ఆయనా దౌనియాంగూ ఎదురుపడి మాట్లాడుకున్నది తక్కువ. ఆమె ముఖం ఆయన సరిగ్గా చూశాడో లేదో నాకు అనుమానమే.

ఏళ్లు గడిచి ఆయన జ్వరంతో పోయాడు. కబురు విన్నాక దౌనియాంగ్ మూడు రోజులు వంట గదిలోనే ఉండి, ఎవరు పిలిచినా పలక్కుండా పిండి పిసికింది. తర్వాత మామూలైంది. అప్పటికి మఠాన్ని నడిపే పెద్దమ్మ ఆమే.

కొత్త చక్రవర్తి వస్తే, పిల్లల్లేని పాత దేవులను మఠానికి పంపడం ఆచారం. ఒక బండిలో రువాన్ దేవి దిగింది, ఇంకో బండిలో పాంగ్ దేవి దిగింది. వాళ్ల కొప్పులు ఎలా చుట్టాలో తెలిసిన చేతులతోనే ఇద్దరికీ గుండ్లు గీశాను. జుట్టు పోయాక ఇద్దరూ ఒకేలా ఉన్నారు, మచ్చ ఒక్కటే తేడా. పడక గది ఒకటే అని తెలియగానే, దౌనియాంగ్‌కు దూరంగా తలుపు దగ్గరున్న చాప నాదంటే నాదని పేచీకి దిగారు. దౌనియాంగ్ ఇద్దర్నీ చూసి, వయసులో పెద్దదని పాంగ్ దేవికి ఆ చాప ఇప్పించింది. వయసు మాట ఎత్తేసరికి పాంగ్ దేవి వద్దని వదులుకుంది.

ఆ శీతకాలంలో ఒక పూట ఎండలో కూర్చుని క్యాబేజీలు తరుగుతున్నాం, ఊరగాయ పెట్టడానికి. రువాన్ దేవి చాలాసేపటినుంచి ఏదో అడగాలని చూస్తోంది.

"ఇన్నేళ్లు ఇక్కడికొచ్చాడు కదా," అంది చివరికి, ఆకులవైపే చూస్తూ. "నా గురించి ఎప్పుడైనా ఏమన్నా అన్నాడా?"

పాంగ్ దేవి కత్తి ఆగింది.

ఆ ఏళ్లన్నీ నేనూ అక్కడే ఉన్నాను. ఆయన ఒక్కనాడూ ఎవరి పేరూ ఎత్తలేదు. దౌనియాంగ్ చేతులు తుడుచుకుని కాస్త ఆలోచించింది. "మీ విసనకర్ర గాలి ఇంకెక్కడా దొరకలేదన్నారమ్మా," అంది.

రువాన్ దేవి తల వంచుకుని ఒక్కొక్క ఆకే విడదీసింది. కాసేపటికి పాంగ్ దేవి గొంతు సవరించుకుని, తన గురించి ఏమన్నాడో తనకేమీ తెలుసుకోవాలని లేదంది.

"మీ నాన్నగారి గుర్రాలంత మంచి గుర్రాలు ఎక్కడా లేవన్నారు," అంది దౌనియాంగ్.

గాలి గొప్పదా గుర్రాలు గొప్పవా అని మొదలైంది ఇద్దరికీ. గొంతులు లేచాయి. దౌనియాంగ్ గోడకు వీపు ఆనించి, ఎండకు కళ్లు మూసుకుంది. నేను పాంగ్ దేవి చేతిలో కత్తి తీసుకుని మిగతా క్యాబేజీ తరగడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనానికి అప్పటికే ఆలస్యమైంది.